పది రాగములు, ఒక యంత్రము
(ఒక గ్రామఫోను రికార్డు చరిత్రము)

శిశువులును, పశువులును, సర్పములును సైతము గానరసము నెరుగునని మన పెద్దలు చెప్పుదురు. ఆ మాట నిజమే కావచ్చును. కాని గానము చెవిని బడినప్పుడు గదా దాని రసము తెలియుట! అది వచ్చి చేరుటకు దారి యుండవలెను; వినుటకు తీరిక యుండవలెను; విన్నదానిని ఇది యిట్టిదని చెప్పుకొనుటకు ఒక పేరుండవలెను. ఈ మూడింటిలో ఏ యొక్కటి లోపించినను మంచి సంగీతము సైతము మూగవోవును. 1982 వ సంవత్సరమున మన దేశమున వెలువడిన యొక గ్రామఫోను రికార్డు ఇట్లు మూగవోయి, ఇరువదియెనిమిది సంవత్సరముల పిమ్మట దేశాంతరములందు మారుమ్రోగినది. దానిని నాడు శ్రోతలు ఎట్లు త్రోసిపుచ్చిరో, నేడు విమర్శకులు ఎట్లు నెత్తిన బెట్టుకొనిరో, ఆ రెండు తీర్పులలో న్యాయమెంత యున్నదో విచారించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ముందుగా జగర్గుండాను గూర్చి నాలుగు మాటలు చెప్పవలెను. దక్షిణ బస్తరులో దోర్నపాలు నుండి అడవిలోనికి సుమారు 55 కిలోమీటర్లు పోయినచో ఈ యూరు వచ్చును. కొంటా మీదుగా శబరీనది వెంట దిగివచ్చినచో మన తెలుగుసీమ దూరము కాదు. కోయ, గోండి, హల్బీ మాటలతోపాటు తెలుగు మాటయు ఆ ప్రాంతపు సంతలలో చెల్లుచుండును. మనవారిలో ఉద్యోగరీత్యా బైలాడిల్లా కొండలలోను, జగదల్‌పూరులోను, సుక్మాలోను కాపురము లుండినవారికి ఈ సంగతి వేరుగా చెప్ప నక్కరలేదు. 1982 నాటికి ఆ నేల మధ్యప్రదేశ్ రాష్ట్రములోని బస్తరు జిల్లాలోనిది. 1998 లో దంతెవాడ జిల్లా, 2000 నవంబరు 1 న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము, 2012 జనవరిలో సుక్మా జిల్లా క్రమముగా ఏర్పడినవి. ఆకాశవాణి జగదల్‌పూరు కేంద్రము 1977 లో ప్రారంభమైనది. నాడు అట్టి అడవి పల్లెలకు బయటి సంగీతము చేరదగిన త్రోవ బ్యాటరీతో పలుకు ట్రాన్సిస్టరు ఒక్కటియే. ఎల్పీ రికార్డు వినవలెనన్నచో దానిని త్రిప్పు యంత్రము కావలెను. ఆ యంత్రమునకు విద్యుచ్ఛక్తి కావలెను. రికార్డు కొనుటకు పట్టణము కావలెను. ఒక రికార్డును శ్రోతలు ఆదరించిరా లేదా అని అడుగుటకు ముందు, అది ఎవరి చెవివరకు పోగలిగెనో అడుగవలెను. జగర్గుండాను ముందుగా తలచుటకు కారణ మిదియే.

ఇక ఆ రికార్డు మాట. చరణ్‌జిత్ సింగ్ అను నాయన బొంబాయి చలనచిత్ర సంగీతములో పేరు తెరమీద పడని వాద్యగాండ్రలో నొకడు. శంకర్-జైకిషన్, ఆర్.డి. బర్మన్ వంటి సంగీతదర్శకుల బృందములందు గిటారు మొదలగు వాద్యములు వాయించి జీవించినవాడు. క్రొత్త వాద్యమేది వచ్చినను చేతబట్టి చూచు స్వభావము కలవాడు. 1980 లో వచ్చిన 'కుర్బానీ' చిత్రములోని యొక పాటతో నాజియా హసన్ అను బాలిక దేశమంతట ప్రసిద్ధి కెక్కెను. బెంగుళూరున పుట్టి ఇంగ్లండులో పేరు గడించిన బిడ్డు ఆ పాటను కూర్చినవాడు. 1981 లో వారిరువురి పూనికతో 'డిస్కో దీవానే' వెలువడెను. 1982 నాటికి డిస్కో అను నాట్యతాళము మన చిత్రసీమ నంతటిని ఆవరించెను. తెలుగు చిత్రములలో సైతము చక్రవర్తి మొదలైనవారు ఆ తాళమునకు పాటలు కట్టిరి. అందరును ఆ తాళముతో సినిమాపాటలు చేయుచుండగా, చరణ్‌జిత్ సింగ్ ఆ తాళముమీద హిందూస్థానీ రాగములను నిలిపెను. 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్' అను పేర, అనగా డిస్కో తాళమునకు పది రాగములు అను పేర, గ్రామఫోను కంపెనీ వారు హెచ్.ఎం.వి. ముద్రతో దానిని విడుదల చేసిరి.

ఆ పది రాగములు ఇవి: భైరవి, లలిత్, భూపాలి, తోడి, మధువంతి, మేఘ్ మల్హార్, యమన్, కళావతి, మాల్‌కౌంస్, బైరాగి. మన చెవులకు ఇవి పరాయివి కావు. భూపాలి యనగా మన మోహన. యమన్ మన కల్యాణికి చుట్టము. మాల్‌కౌంస్ మన హిందోళము. త్యాగరాజస్వామి 'సామజవరగమన' విన్న ప్రతి తెలుగువానికిని అది పరిచితమే. వారి భైరవి స్వరములు మన తోడివి. వారి తోడి స్వరములు మన శుభపంతువరాళివి. కళావతి మన వలజి. బైరాగి మన రేవతి. మధువంతి ధర్మవతికి దగ్గర. మేఘ్ మన మధ్యమావతిని దలపించును. లలిత్ ఒక్కటియే, రెండు మధ్యమములను ప్రక్కప్రక్కన బెట్టుకొని, పంచమమును విడిచి, మనకు కొంచెము క్రొత్తగా దోచును. ఒక్కొక్క రాగమునకు కేటాయించిన కాలము సుమారు అయిదు నిమిషములు. విలంబ కాలపు విస్తారము లేదు, తబలా లేదు. ప్రాతఃకాలపు భైరవియు, సంధ్యాకాలపు యమనును, అర్ధరాత్రపు మాల్‌కౌంసును ఒకే నడకమీద నడచును.

ఈ రికార్డున వినబడు ధ్వనులు మూడు యంత్రములవి. మూడును జపాను దేశపు రోలండ్ కంపెనీ వారు చేసినవే. రాగము పలుకునది జూపిటర్-8 అను సింథసైజరు; 1981 లో వచ్చినది. తాళము వేయునది టీఆర్-808. 1980 లో వచ్చినది. క్రింది స్వరములను గొలుసువలె అల్లునది టీబీ-303. ఇదియు 1981 నాటిదే. ఈ మూడవ దాని కథ చిత్రమైనది. ఒంటరిగా సాధన చేయు గిటారు వాద్యకారునకు తోడుగా మంద్రస్థాయి వాయించువాడు లేనప్పుడు, ఆ లోటు తీర్చుటకై దానిని నిర్మించిరి. పదునారు మెట్లలో స్వరములను ముందుగా వ్రాసిపెట్టినచో అది వానినే మరల మరల పలుకును. నిజమైన గిటారువలె పలుకకపోవుటచే దానిని కొన్నవారు నిరాశ జెందిరి. 1984 నాటికి కంపెనీ వారు దాని తయారీని మానివేసిరి. అయితే దానియందొక గుణము కలదు. ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు తెగకుండ జారునట్లు చేయుటకు అందొక యేర్పాటున్నది. మన సంగీతశాస్త్రములో జారు అను గమకము కలదు గదా! పాశ్చాత్యునకు వింతధ్వనిగా దోచిన ఆ జారుడు, రాగమెరిగిన వాద్యకారుని చేతిలో స్వరములను కలుపు దారమైనది. మీటల వాద్యములన్నిటిమీదను మనవారు వేయు పెద్ద నింద గమకము పలుకదనుటయే. ఆ నిందకు ఈ యంత్రము పూర్తిగా సమాధానము చెప్పలేదు. కంపితము దానికి రాదు. కాని హార్మోనియమువలె స్వరమునకు స్వరమునకు నడుమ గోడ కట్టలేదు.

మరి నాటి శ్రోతలేమనిరి? ఏమియు ననలేదు. రికార్డు అమ్ముడుపోలేదు. నింద పొందిన కృతికి ఏదో యొక విధమున ఆయుర్దాయముండును. పట్టించుకొనబడని కృతికి అదియు లేదు. దీనికి కారణములు ఊహించుట కష్టము కాదు. మొదటిది, అందు పాటగా పాడుకొనదగు పదము లేదు. మన దేశమున పాట యన్నచో మాటయే ముందు; పదము నోటికెక్కినగాని రాగము నోటికెక్కదు. రెండవది, అది ఏ సినిమాకును చెందినది కాదు. సినిమా లేని పాటకు గోడమీద బొమ్మ లేదు, రేడియోలో పిలుపు లేదు, పెండ్లిపందిటిలో లౌడుస్పీకరు లేదు. మూడవది, అది ఎవరికొరకు చేసినదో ఎవరికిని తెలియలేదు. రాగము నెరిగిన రసికుడు డిస్కో అను పేరు చూచి ప్రక్కకు బెట్టును. డిస్కో కోరు యువకుడు రాగమను పేరు చూచి ప్రక్కకు బెట్టును. రెండు ఊళ్ళ చుట్టరికము ఉపవాసముతో ముగిసినట్లు, ఆ రికార్డు రెండు విందులకును దూరమైనది.

ఐనను, క్రొత్త వాద్యమును మనవారు ఎన్నడును స్వీకరింపలేదని యనుట అన్యాయము. వాయులీనము నేడు కర్ణాటక సంగీత కచేరీకి ప్రాణము. అది ఐరోపానుండి వచ్చినదే. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు దానిని మన సంగీతమున కలవరచెనని ప్రసిద్ధి. ద్వారం వెంకటస్వామినాయుడుగారి నాటికి అది పరదేశపు వాద్యమని తలచువారే లేకపోయిరి. హార్మోనియము గతి వేరు. 1940 మార్చి 1 వ తేదీనుండి ఆలిండియా రేడియో వారు దానిని తమ ప్రసారములనుండి బహిష్కరించిరి. శ్రుతుల సూక్ష్మభేదములు దానిపై పలుకవనియు, అది మన సంగీతమును చెరచుననియు నాటి పెద్దల అభిప్రాయము. 1971 లో గాని ఆ నిషేధము సడలింపబడలేదు. ఈ ముప్పది సంవత్సరములలో మన ఆంధ్రదేశమున నేమి జరిగినది? పద్యనాటకపు రంగస్థలముమీద హార్మోనియము లేకుండ తెర లేవలేదు. రేడియో వారు త్రోసివేసిన పెట్టెను పల్లెటూరి ప్రేక్షకుడు వన్స్‌మోరు పిలుపులతో నిలబెట్టెను. విమర్శకుని తీర్పును శ్రోత కాదనుటకు ఇంతకంటె మంచి యుదాహరణము మనకు లేదు.

సరిగా చరణ్‌జిత్ సింగ్ రికార్డు వచ్చిన దినములలోనే మరియొక పరీక్ష జరిగినది. పాలకొల్లున 1969 లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, 1978 లో గుడివాడ త్యాగరాజోత్సవమున, తొమ్మిదేండ్ల వయస్సున, మాండొలిన్‌పై కర్ణాటక సంగీతము వినిపించెను. 1981 లో మద్రాసు వేదిక నెక్కెను. విద్యుత్తుతో పలుకు ఆ పాశ్చాత్య వాద్యముమీద శంకరాభరణము పలుకునా యని సందేహించినవారు లేకపోలేదు. కాని కచేరీ ముగియునప్పటికి ఆ సందేహములు నిలువలేదు. 1998 లో పద్మశ్రీ లభించినది. 2014 లో ఆయన దివంగతుడగు నాటికి మాండొలిన్ ఆయన యింటిపేరై యుండెను. యంత్రధ్వనిని ద్వేషించు చెవులు ఈ బాలుని ఏల స్వీకరించినవి? ఆయన కచేరీ సంప్రదాయమును విడువలేదు. ఆలాపన యున్నది, కీర్తన యున్నది, ప్రక్కన మృదంగము, వాయులీనము ఉన్నవి. క్రొత్తది వాద్యమొక్కటియే. చరణ్‌జిత్ సింగ్ రికార్డున వాద్యమును క్రొత్త, తాళమును క్రొత్త, రూపమును క్రొత్త. శ్రోత పట్టుకొనుటకు పాత కొమ్మ రాగమొక్కటియే మిగిలినది.

పది సంవత్సరములు గడచెను. 1992 ఆగస్టు 15 న 'రోజా' అను తమిళ చిత్రము విడుదలయ్యెను. దాని సంగీతదర్శకుడు ఏ.ఆర్. రెహమాన్ అప్పటికి ఇరువదియైదేండ్ల యువకుడు. అంతకు పూర్వము రమేశ్‌నాయుడుగారికిని, టీ.వీ. రాజుగారి కుమారుడు రాజ్, సాలూరి రాజేశ్వరరావుగారి కుమారుడు కోటి కలసిన రాజ్-కోటి జంటకును కీబోర్డు వాయించినవాడు. అనగా తెలుగుపాట ఆ చేతికి పరిచితమే. తన యింటి స్టూడియోలో యంత్రములపై కూర్చిన ఆ సంగీతము తెలుగు మాటలతో మన యిండ్లకు వచ్చినప్పుడు ఎవరును దానిని త్రోసివేయలేదు. మాటకంటె మ్రోత హెచ్చైనదని పెద్దలు గొణిగినను, పిల్లలు క్యాసెట్టును అరగదీసిరి. ఆ యేటి ఉత్తమ సంగీతదర్శకుని జాతీయ పురస్కారము మొదటి చిత్రమునకే ఆయనకు లభించెను. 2005 లో 'టైమ్' పత్రిక దానిని ప్రపంచములోని పది ఉత్తమ చిత్రసంగీతములలో చేర్చెను.

1982 కును 1992 కును నడుమ మారినది శ్రోతల చెవి మాత్రమే కాదు. ఎల్పీ రికార్డు పోయి క్యాసెట్టు వచ్చినది. తక్కువ ధరకు దొరకు క్యాసెట్టు, బ్యాటరీలతో పలుకు టేపురికార్డరు బస్సులలోను, టీ దుకాణములలోను, సంతలలోను చేరినవి. విద్యుత్తీగ పోని యూరికి సంగీతము నడచిపోయినది. దానికి తోడు రెహమాన్ తన యంత్రధ్వనులకు మాటను, గాత్రమును, సినిమాకథను అండగా నిచ్చెను. యంత్రముతోనే చేసిన సంగీతము ఒకటి నోరులేక పడియుండుటకును, మరియొకటి నోటినోట నిలుచుటకును భేదమిందే యున్నది.

ఇక రెండవ అంకము. 2002 లో హాలండు దేశస్థుడైన ఎడో బౌమన్ అను రికార్డుల సేకర్త ఢిల్లీలోని యొక దుకాణమున ఈ మరచిపోయిన రికార్డును చూచెను. విని ఆశ్చర్యపడెను. ఏలన, అమెరికాలోని చికాగో నగరమున 'ఫ్యూచర్' అను బృందము 1987 లో 'యాసిడ్ ట్రాక్స్' అను రికార్డును విడుదల చేసియుండెను. చవుకగా దొరకిన పాత టీబీ-303 యంత్రములతో అచటి యువకులు పుట్టించిన ఆ నాట్యసంగీతమునకు 'యాసిడ్ హౌస్' అని పేరు. ఐరోపా యువతరమును ఊపివైచిన ఆ ధ్వనియే, అయిదేండ్లకు ముందే, ఒక బొంబాయి వాద్యకారుని రికార్డున వినబడుచున్నది! బౌమన్ ఆయనను వెదకికొని బొంబాయి వచ్చెను. 2010 లో తన 'బాంబే కనెక్షన్' సంస్థ ద్వారా దానిని మరల ముద్రించెను.

అప్పుడు విమర్శకుల నోళ్ళు తెరువబడెను. కొందరు ఇది నిజముగా 1982 నాటిది కాదు, ఎవరో పాశ్చాత్య సంగీతజ్ఞుడు నేడు చేసి పాత అట్టలో పెట్టిన బూటకమని శంకించిరి. మరికొందరు యాసిడ్ హౌస్ సంగీతమునకు ఇదియే ఆదియని కీర్తించిరి. ఇంకను నిదానించినవారు, రెండింటికి ధ్వనిలో పోలికయే గాని వంశసంబంధము లేదనిరి; చికాగోవారు ఈ రికార్డును విని నేర్చినవారు కారు; 'ఆరెంజ్ జ్యూస్' అను స్కాట్లండు బృందము సైతము అదే కాలమున ఆ యంత్రమును తమ పాటలో వాడియుండెను. ఈ చివరి మాటయే న్యాయమని నా యభిప్రాయము. ఒకే పనిముట్టు ఇరువురి చేతులలో బడినప్పుడు ఇరువురును ఒకే విధమగు గీతను గీయవచ్చును. ఒకరు మరియొకరికి గురువు కానక్కరలేదు.

అయితే ఈ ప్రశంసలో సైతము ఒక లోపము కలదు. చరణ్‌జిత్ సింగ్ రికార్డును మెచ్చినవారిలో పలువురు దానిని చికాగో సంగీతమునకు తాతగా మెచ్చిరే గాని, దానిని దానిగా మెచ్చలేదు. అందలి మధువంతి మధువంతిగా పలికినదా? మాల్‌కౌంసు గాంభీర్యము ఆ వేగమునకు నిలిచినదా? ఈ ప్రశ్నలు రాగమెరిగినవారు అడుగవలసినవి. వారిలో ఎక్కువమంది ఆ రికార్డు వినలేదు. నావరకు నేను విన్నంతలో, కళావతి, బైరాగి వంటి అయిదు స్వరముల రాగములు ఆ నడకకు చక్కగా ఒదిగినవి. స్వరముల నడుమ చోటుండుటచే యంత్రపు జారుడునకు ఆట దొరకినది. తోడి మాత్రము తన దైన్యమును పోగొట్టుకొనినది. దాని ఆర్ద్రత అంతయు స్వరమును మెల్లగా తాకుటలో నున్నది. ఆ నిదానము యంత్రతాళమునకు లేదు. ఇట్లు మంచిని మంచిగా, లోపమును లోపముగా చెప్పు విమర్శ ఆ రికార్డునకు నాడును దొరకలేదు, నేడును సమృద్ధిగా దొరకలేదు.

మరియొక సంగతియు మరువరాదు. తాళము వేయు యంత్రము తాళము వేయు మనుష్యుని చోటున కూర్చుండును. 1990 ల అంతమునకు బొంబాయి చిత్రసీమలోని పెద్ద వాద్యబృందముల కాలము ముగిసినది. ఒకే గదిలో పదులకొలది వాయులీనములు కలసి పలికిన దినములు పోయినవి. జీవితమంతయు అట్టి బృందములలో వాయించిన చరణ్‌జిత్ సింగే ఒంటరిగా యంత్రములతో రికార్డు చేసిన తొలివారిలో నొకడగుట విధి విలాసము. వృద్ధాప్యమున ఆయన ఐరోపా వేదికలమీద తన పది రాగములను మరల వాయించి, మనుమల వయస్సు యువకుల కరతాళములను విని, 2015 జూలైలో బొంబాయిలో కన్నుమూసెను. కీర్తి ఆలస్యముగా వచ్చినను కన్నులెదుట వచ్చుట ఆయన అదృష్టము. అట్లు రానివారు ఎందరో!

ఇక మరల జగర్గుండాకు పోదము. 2005 తరువాతి హింసాకాండలో ఆ యూరు శిబిరమై, ముండ్లకంచెల నడుమ నిలిచినది. దారి తెగినది, బియ్యపు మూటలు సైతము సాయుధ రక్షణలో చేరవలసి వచ్చినది. మూతబడిన బడులు పదమూడేండ్ల పిమ్మట 2019 లో తిరిగి తెరువబడినవి. ఒక తరము పిల్లలకు బడిగంట వినబడని చోట, ఏ రికార్డు ఎవరికి నచ్చినదను ప్రశ్నయే నవ్వు పుట్టించును. శ్రోత యనువాడు గాలిలో పుట్టడు. శాంతి, దారి, బడి, తీరిక, ఇవి కలిగినచోట పుట్టును.

కాని ఆ ప్రశ్నను త్రిప్పి యడిగిన నవ్వు రాదు. ఆ యడవులలో కోయలకు రేల పాటలు కలవు; కొమ్ములు ధరించి డోలు కొట్టుచు ఆడు ఆటలు కలవు. అచట డోలు నడక ఆటకత్తెల అడుగులను బట్టి హెచ్చును, తగ్గును. కొట్టువాడు అలసినచో మరియొకడు అందుకొనును. ఎన్నడును అలయని టీఆర్-808 తాళమును అట్టి శ్రోతకు వినిపించినచో, ఈ డోలు కొట్టువాడు మమ్ములను చూడడా యని అడుగవచ్చును. ఏ నగరపు విమర్శకుడును వేయని ప్రశ్న అది. ఆ చెవి తీర్పు కూడ తీర్పే.

మనము ఉద్యోగములకై ఊరూర తిరుగువారము. ఎచ్చటి కేగినను మన త్యాగరాజును, మన పద్యనాటకమును వెంట దీసికొని పోవుచున్నాము. అది మనకు తగినదే. కాని మనము కాపురమున్న చోట ప్రక్కయింటి పాటను వినుచున్నామా? బొంబాయిలో పుట్టిన పది రాగములను గుర్తించుటకు హాలండునుండి ఒక మనుష్యుడు రావలసి వచ్చినది. దానిని ముద్రించిన దేశమున ఇరువది సంవత్సరములు దానిని అడిగిన నాథుడు లేకపోయెను. బస్తరు రేల పాటకును అట్టి గతి పట్టకుండ, దూరమునుండి ఎవరో వచ్చి చెప్పకమునుపే, దాని ప్రక్కన నివసించిన మనము చెవి యొగ్గుట యుక్తము. మన సంఘ వార్షికోత్సవ వేదికమీద త్యాగరాజ కీర్తన తరువాత, అచటి పల్లెలనుండి వచ్చిన యొక డోలునకు అరగంట కాలము కేటాయించినచో, అది ఎవరికిని లోటు కాదు.